ఉంగరాలు తగలని చోటు

రణరంగాన్ని విడిచిపెట్టి కూడా లోకంచేత వీరుడనిపించుకొన్నవాడు, ద్వారకను కాదని ఒక ముదుసలి భక్తుని డొక్కు బండిలో డాకోరుకు తరలివచ్చినవాడు, బంగారు రాశులు మొగ్గించలేని త్రాసును ఒక ఇల్లాలి ముక్కెరతో మొగ్గించినవాడు అయిన శ్రీ రణఛోడరాయని పాదాలకు ముందుగా మొక్కి, నా బ్రతుకులోని ఒక ఫాల్గుణమాసపు కథ చెబుతాను. ఇందులో పొరపాటు నాది. దాచుకోవలసిన వయస్సు దాటిపోయింది.

మేము మాణభట్లం. రాగి బిందెను ముందు పెట్టుకొని, వేళ్ళకు ఉంగరాలు తొడుక్కొని, దాని భుజం మీద తాళం వేస్తూ పురాణకథలు పాడి చెప్పడం మా ఇంటి విద్య. ఆ బిందెనే మాణ్ అంటాం. ఏటా ఫాల్గుణ పున్నమికి ముందునాడు, డాకోరులో ఒక ధర్మశాల ముంగిట, కాలినడకన వచ్చిన యాత్రికులకు ఆ ముదుసలి భక్తుడు బోడాణా కథ వినిపించడం మా తాతగారి నాటి నుంచి మాకు దక్కిన భాగ్యం. ఆయన తరువాత నాన్నగారు, నాన్నగారి తరువాత నేను. మూడు తరాలలో ఒక్క ఏడు కూడా ఆ కథ ఆగలేదు.

ఆ ఏడు శివరాత్రి మరునాడు అటక మీది నుంచి దించుతుండగా మాణ్ నా చేయి జారింది. మెడ దగ్గర మొదలై పొట్ట దాకా వెంట్రుకవాసి చీలిక పాకింది. ఉంగరంతో తట్టి చూస్తే జలుబు చేసిన గొంతులా పలికింది. కంచరి దగ్గరకు పరుగెత్తాను. అతడు దానిని చెవి దగ్గర పెట్టుకొని, గోటితో మీటి, తల అడ్డంగా ఊపాడు.

"అతికితే నీళ్ళు నిలుస్తాయి మహారాజ్, నాదం నిలవదు. కొత్తది కావాలంటే అక్షయ తృతీయ దాటాల్సిందే. పెళ్ళి సామాన్లు నెత్తి మీద కూర్చున్నాయి నాకు."

"పున్నమికి పదిహేను రోజులే ఉంది కదయ్యా!"

"ఆ మాట నాతో కాదు, చేయి జారినప్పుడు బిందెతో చెప్పాల్సింది," అని అతడు సుత్తి అందుకొన్నాడు.

దిగులుతో ఇల్లు చేరాను. నా భార్య జడావ్ అప్పుడు ఊళ్ళో లేదు. తమ్ముని భార్యకు సీమంతమని పుట్టింటికి వెళ్ళింది. వంటింట్లో నీళ్ళ అరుగు మీద ఆమె పుట్టింటి బిందె ఉంది. పెళ్ళినాడు తల్లి ఇచ్చినది. రోజూ తెల్లవారుజామున చింతపండు, బూడిద పెట్టి తోమి, బావి నీళ్ళు నింపి, సాయంత్రం దాని పక్కన పితృదేవతలకు దీపం పెట్టడం ఆమె నియమం. ఆ రోజు నా కళ్ళకు అందులో నీళ్ళు కనబడలేదు. దాని సన్నని మెడ, నిండైన పొట్ట కనబడ్డాయి. నీళ్ళు తులసి మొదట్లో పోసి, బిందెను తుడిచి, ఉంగరాలతో ఒక్కసారి తట్టాను.

అబ్బా, ఆ నాదం! మా పాత మాణ్ ఎన్నడూ అలా పలకలేదు. ఇన్నేళ్ళు ఇది వంటింట్లో ఉండగా నేను అటక మీద వెదికానే అనుకొన్నాను. స్వామియే చూపించాడని దేవుని గూటికి దండం పెట్టుకొన్నాను. సంతనుంచి ఒక మట్టికుండ తెచ్చి అరుగు మీద పెట్టాను. ఆ పైన తొమ్మిది రోజులు పొద్దున్నా సాయంత్రమూ సాధన చేశాను.

దశమినాడు జడావ్ తిరిగి వచ్చింది. గుమ్మంలో కాళ్ళు కడుక్కొని నేరుగా మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళింది.

"ఏమండీ, ఈ మట్టికుండ ఎవరిది?"

"మనదే. నీ బిందె మాణ్‌గా పనికి వచ్చింది. ఇలా వచ్చి విను, ఎలా పలుకుతోందో! గుడిగంట కూడా దీని ముందు బలాదూరు."

వచ్చింది. చంకలోని మూట దించకుండానే నిలబడి విన్నది. నేను రెండు చరణాలు పాడి, ద్రుతం వేసి, గర్వంగా తల ఎత్తాను.

"బాగుంది," అన్నది. మూట దించి, నా ఎదుట కూర్చొని, జ్వరం వచ్చిన బిడ్డ నుదుటిమీద పెట్టినట్టు బిందె మీద చేయి పెట్టింది. ఆమె వ్రేళ్ళు భుజం చుట్టూ మెల్లగా నడిచాయి. ఒకచోట ఆగాయి. వెనక్కి వచ్చి మళ్ళీ అక్కడే వెదికాయి.

"ఇక్కడ గరుగ్గా ఉండేది," అన్నది.

"ఏమిటది?"

"అమ్మ పేరు."

కూతురికి పెట్టే ప్రతి పాత్ర మీదా పేరు చెక్కించడం మా వైపు ఆనవాయితీ. ఉలి మొనతో చుక్క పక్కన చుక్కగా పొడిచిన అక్షరాలు అవి. నేను వంగి చూశాను. నా ఉంగరాలు దిగే చోటు సరిగ్గా అదే. తొమ్మిది రోజుల తాళానికి చుక్కలన్నీ అణగి, గీతలలో గీతలై కలిసిపోయి ఉన్నాయి.

"నాకు అక్షరం ముక్క రాదు కదండీ," అన్నది జడావ్, బిందె మీది నుంచి చేయి తీయకుండా. "రోజూ తోముతుంటే వేళ్ళకు వచ్చింది ఆ ఒక్క వరసే."

అప్పుడైనా నేను నోరు మూసుకొని ఉండవలసింది. కథలు చెప్పి బ్రతికేవాడికి మౌనం చేతకాదు. "ఆలుమగల మధ్య నీది, నాది అని ఉంటుందా జడావ్? బోడాణా తన భార్య గంగాబాయి ముక్కెర తీసి త్రాసులో వేసినప్పుడు..." అని అందుకొన్నాను.

ఆమె లేచి, గేదెకు కుడితి పెట్టాలని పెరట్లోకి వెళ్ళిపోయింది.

మరునాడు ఏకాదశి. ఉపవాసం కనుక పొయ్యి వెలిగించే పని లేదు. జడావ్ తలదువ్వుకుంటూ, "ఈసారి డాకోరుకు నేనూ వస్తాను," అన్నది.

నాకు నవ్వు వచ్చింది. "ఇరవై ఆరేళ్ళుగా రమ్మంటే గేదె అన్నావు, పొయ్యి అన్నావు. ఇప్పుడేమయింది?"

"ఇరవై ఆరేళ్ళూ బిందె ఇంట్లో ఉంది."

నా నవ్వు ఆగిపోయింది. "అయితే దానిని తీసుకుపోవడం నీకు ఇష్టం లేదా? చెప్పు. ఈ ఏటికి కథ మానేస్తాను," అన్నాను. మానలేనని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

"కథ ఆగకూడదు. మామగారి మాట పోకూడదు. తీసుకెళ్ళండి." దువ్వెనలో చిక్కిన వెంట్రుకలను ఆమె వ్రేలికి చుట్టి తీసింది. "కానీ నేను ఇచ్చానని మాత్రం ఎవరికీ చెప్పకండి."

ద్వాదశి నాడు తెల్లవారగానే మా ఊరి యాత్రికుల సంఘం బయలుదేరింది. నలభై మందిమి ఉంటాం. ముందు ఫతేసంగ్ ఠాకోర్ తెల్లని ధ్వజం పట్టుకొని నడుస్తున్నాడు. అతని నోరు ధ్వజంకంటే పైన ఎగురుతుంది. బిందెను నేను మోయబోతే జడావ్ అందుకొని, బావి దగ్గర ఆగి నీళ్ళు నింపి, తలమీద చుట్టకుదురు పెట్టి దానిపై ఎత్తుకొన్నది.

"ఎందుకంత బరువు? ఖాళీగా మోయవచ్చు కదా," అన్నాను.

"స్వామి దర్శనానికి ఎవరైనా ఖాళీ బిందెతో వెళతారా?"

పొగాకు చేల ఘాటు, మోదుగుపూల ఎరుపు, కాళ్ళ కింద వేడెక్కుతున్న దుమ్ము. "జయ్ రణఛోడ్" అని ముందువాళ్ళు అరిస్తే "మాఖణ్ చోర్" అని వెన్నదొంగను తలుస్తూ వెనకవాళ్ళు అందుకొంటున్నారు. ఎండ ముదిరేసరికి అందరూ జడావ్ చుట్టూ చేరి దోసిళ్ళు పట్టారు. ఫతేసంగ్ కడుపునిండా తాగి, మీసాలు తుడుచుకొన్నాడు.

"మహారాజ్, ఏటా నీ మాణ్ వట్టి కడుపుతో మోగేది. ఈ ఏడు మా కడుపు నింపుతోంది. కోపం తెచ్చుకోకు గానీ, నీ పాటకంటే ఇదే నయం."

"పాట వినకముందే చెప్పేస్తున్నావా?" అన్నాను.

"ఇరవై ఏళ్ళుగా వింటున్నానయ్యా. నువ్వు దగ్గే చోటు కూడా నాకు కంఠస్థం."

రెండవనాడు ఉమ్రేఠ్ చేరువలో వేపచెట్టు నీడన ఆగాం. ద్వారకనుంచి వస్తూ స్వామి చేయి వేసిన కొమ్మ ఒక్కటే చేదు మరచి తియ్యనైందని చెప్పుకొనే చోటు అది. ముసలివాళ్ళు ఆకులు నమిలి "తీపే, తీపే" అంటున్నారు. పిల్లలు నమిలి ఉమ్ముతున్నారు. ఆ చెట్టుకింద కూర్చొని కథ ఎత్తుకోకుండా మా సంఘం కదలదు. తాళం లేకుండా, మాటలతోనే చెప్పాను.

బోడాణా అనే భక్తుడు అరచేతిలో తులసి మొక్క పెంచుకొంటూ, ఆరు నెలలకొకసారి డాకోరునుంచి ద్వారకకు నడిచి వెళ్ళేవాడు. డెబ్భై ఏళ్ళు దాటి అడుగు పడని నాడు స్వామి జాలిపడి, "ఇక నువ్వు రావద్దు, నేనే వస్తాను, బండి తీసుకురా," అన్నాడు. ఇద్దరూ బయలుదేరాక, "నువ్వు పడుకో, నేను తోలుతాను," అని పగ్గాలు తానే అందుకొన్నాడు. ఈ వేపకొమ్మ పట్టుకొని భక్తుణ్ణి నిద్ర లేపేసరికి అంత దూరపు దారీ అయిపోయింది. వెంట తరుముకొని వచ్చిన ద్వారక పూజారులు చివరకు, "విగ్రహమెత్తు బంగారం ఇస్తే వదులుకొంటాం," అన్నారు. బోడాణా ఇంట్లో బంగారమంటే భార్య గంగాబాయి ముక్కెర ఒక్కటే. స్వామి ఆజ్ఞ ప్రకారం దానిని త్రాసులో పెట్టి, పైన ఒక తులసిదళం ఉంచాడు. ముక్కెర ఉన్న తట్ట నేలను తాకింది. స్వామి ఉన్న తట్ట పువ్వులా పైకి లేచింది.

అందరూ "జయ్ రణఛోడ్" అన్నారు. ఆ కేక అణగినాక ఆడవాళ్ళ వరసనుంచి జడావ్ గొంతు వినబడింది. ఆమె పదిమందిలో మాట్లాడడం నేనెన్నడూ వినలేదు.

"ఒక మాట. ఆ ముక్కెర తీసేటప్పుడు బోడాణా ఆమెను అడిగాడా?"

నేను తడబడ్డాను. "ఆమె పతివ్రత. భర్త మనస్సే ఆమె మనస్సు. అడగడమెందుకు?"

"అడిగాడా, లేదా అనే నేను అడిగింది."

ఫతేసంగ్ ధ్వజాన్ని చెట్టుకు ఆనించి, చేతులు నడుముకు పెట్టుకొన్నాడు. "అయ్యవారమ్మ గోరాణీ తల్లి సరిగ్గానే అడిగింది! మా ఇంట్లో గాజు ముక్క తీసినా అడగకపోతే ఊరంతా వినబడుతుంది. అడగకుండా పెట్టిన ముక్కెరైతే అంత బరువు తూగేదా మహారాజ్? ఆ పూజారులు ఇంకా ఆ త్రాసు దగ్గరే నిలబడి ఉండేవారు!"

నలభై మందీ నవ్వారు. జడావ్ నవ్వలేదు. చెంగు సర్దుకొని బిందె ఎత్తుకొన్నది.

మిగిలిన దారి అంతా నేను లోపల పద్యాలు తిరగేస్తూ నడిచాను. తాతగారి పద్యాలు, నాన్నగారు చేర్చినవి, నేను అల్లినవి కలిసి మూడువందల పైచిలుకు ఉన్నాయి. ముక్కెర వర్ణనకే ఎనిమిది ఉన్నాయి: దాని ముత్యం, దాని మెరుపు, గంగాబాయి ముక్కుకు అది ఇచ్చిన అందం. బోడాణా ఆమె వైపు తిరిగి ఒక్క మాట అడిగిన పద్యం లేదు. మూడు తరాల పండితులకు ఆ ముక్కెర వెనుక ఒక ముక్కు ఉందని గుర్తుంది, మనిషి ఉందని గుర్తురాలేదు.

చతుర్దశినాడు పొద్దు వాలుతుండగా ధర్మశాల ముంగిట కూర్చున్నాను. జడావ్ బిందెలోని మిగిలిన నీళ్ళను కుండీలోని తులసికి పోసి, చెంగుతో లోపలా బయటా తుడిచి, చుట్టకుదురు పరచి, దానిమీద బిందె దించి, వెళ్ళి ఆడవాళ్ళలో కూర్చున్నది. జనం మెట్లమీదా, గోడమీదా, బండ్లమీదా నిండిపోయారు. దూరాన గుడి శిఖరాల మీద ధ్వజాలు ఎగురుతున్నాయి.

కథ సాగింది. బిందె దివ్యంగా మ్రోగుతోంది. ఉంగరం పడినప్పుడల్లా ఆ చెరిగిన చోటు నా కంటికి తగులుతోంది. బండి వచ్చింది, వేపకొమ్మ తియ్యనైంది, త్రాసు నిలిచింది. ముక్కెర వర్ణన రావలసిన చోటికి వచ్చాను. ఎనిమిది పద్యాలూ నాలుక చివర నిలబడి ఉన్నాయి. వాటిని మింగి, దారిలో కట్టుకొన్న ద్విపద ఎత్తుకొన్నాను. బోడాణా గంగాబాయి వైపు తిరిగి అడుగుతున్నాడు:

"ముక్కెర నీయది; ముదిత! నే నడుగ
మక్కువ నిత్తువా? మాధవుఁ డలరు."

అడగడం వరకే కట్టాను. గంగాబాయి జవాబు నేను కట్టలేదు. అది నాకు తెలియదు. చేతులు బిందె మీది నుంచి తీసి ఒడిలో పెట్టుకొన్నాను.

దూరాన ఎక్కడో గోటాలు, అదే శనగపిండి పకోడీలు, వేగుతున్న నూనె చప్పుడు వినబడింది. జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకొన్నారు.

"ఏం మహారాజ్, మరిచిపోయావా? దగ్గే చోటు ఇది కాదే!" అన్నాడు ఫతేసంగ్.

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను తల ఎత్తలేదు. ఆమె లేచి వెళ్ళిపోతే కథ అక్కడితో ముగిసేది. మూడు తరాల వరుస నాతో తెగేది. తెగినా తప్పు ఆమెది కాదు.

గాజుల చప్పుడు దగ్గరకు వచ్చింది. జడావ్, ముసుగు గడ్డం దాకా దించుకొని, జనం మధ్యనుంచి నడచి వచ్చి నా ఎదుట కూర్చున్నది. బిందె కింద చుట్టకుదురు ఒక పక్కకు జారి ఉంది. ఆమె రెండు చేతులతో బిందెను కొంచెం ఎత్తి, కుదురును సరిచేసి, మళ్ళీ నిలకడగా కూర్చోబెట్టింది. కదులుతోందేమోనని ఒకసారి ఒత్తి చూసింది. వెళ్ళి తన చోట కూర్చున్నది.

నేను ఉంగరాలు సర్దుకొన్నాను. ముక్కెర ఉన్న తట్ట నేలను తాకింది.

మరునాడు పున్నమి. మంగళహారతి దర్శనానికి జనం గుండా తోసుకొంటూ వెళ్ళి, నల్లని స్వామి ముఖం రెప్పపాటు చూసి, ఒకరి చేయి ఒకరం వదలకుండా బయటపడ్డాం. బజారులో గోటాలు తిని, చేతులు కడుక్కొన్నాక నేను బిందె పట్టుకొని పేర్లు చెక్కేవాని దుకాణం ముందు ఆగాను. జడావ్ నా వెనకే వచ్చి నిలబడింది.

చెక్కేవాడు ఉలి తుడుచుకొని, "ఏమని చెక్కాలి మహారాజ్?" అన్నాడు.

బిందెను అటూ ఇటూ త్రిప్పి చూశాను. శిలాశాసనాలు కనబడితే ఆగి చదివే అలవాటు నాది. గుడి గోడమీద రాయి కూడా వదిలిపెట్టను. ఇరవై ఆరేళ్ళు ఆ బిందె నీళ్ళు తాగాను. దాని భుజం మీద ఏమి వ్రాసి ఉందో ఒక్కనాడూ చదవలేదు.

"ఏం చెక్కాలో తెలియకుండా వచ్చిన మొదటి మనిషివి నువ్వే," అన్నాడు అతడు.

జడావ్ నేలమీద కూర్చొని, అరచేతితో దుమ్ము చదును చేసింది. కళ్ళు మూసుకొని, చూపుడువేలితో గీయసాగింది. ఒక కొక్కెంలా వంపు, ఒక నిలువు గీత, పైన చిన్న గొడుగు. ఆమె వ్రాయడం లేదు. తోమిన దారిలోనే వేలును నడిపిస్తోంది. నేను వంగి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కొని చదివాను.

"డాహీబా... చేతి మీదుగా... కూతురు జడావ్‌కు."

ఆమె కళ్ళు తెరిచింది. "ఏమన్నారు?"

మళ్ళీ చదివాను.

"నా పేరు కూడా ఉందా అందులో?"

"ఉంది."

"అంతా అమ్మ పేరే అనుకొన్నాను." దుమ్ములోని గీతలను కొత్తగా చూసింది. "ఏదీ, నేను ఎక్కడున్నాను?"

ఆమె వేలు పట్టుకొని ఆ చోట పెట్టాను. ఆ గీతల మీదుగా వేలును తానే మళ్ళీ నడిపింది. చెక్కేవాడు కూడా తొందరపెట్టలేదు. తరువాత, "ఇది చెరిగిపోకముందే కాగితం మీద ఎక్కించుకో," అని అతనికి తానే చెప్పింది.

"పాత చోటే చెక్కు నాయనా," అన్నాను నేను. "జడావ్, కొత్త మాణ్ వచ్చేస్తుంది. ఇది మళ్ళీ నీ అరుగు మీదికి పోతుంది. ఇక దీనిని ముట్టను."

ఆమె బిందెను ఒడిలోకి తీసుకొని నెమ్మదిగా త్రిప్పింది. భుజాన్ని దాటి, పొట్ట మీద, నేను వాయించేటప్పుడు నా వైపు ఉండే చోట చేయి ఆపింది.

"ఇక్కడ చెక్కు," అన్నది. "ఇక్కడ ఉంగరాలు తగలవు."

అక్షయ తృతీయ దాటాక వచ్చిన కొత్త బిందె నీళ్ళ అరుగు మీద కూర్చుంది. జడావ్ పుట్టింటి బిందె నా మాణ్ అయింది. అయినా కథకు వెళ్ళే ప్రతిసారీ నేను వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇస్తావా?" అని అడిగేవాణ్ణి. "ముందు ఆ పంచె సరిగ్గా కట్టుకోండి," అంటూ ఆమె దానిని తెచ్చి నా చేతిలో పెట్టేది. ఇప్పటికీ పెడుతోంది. వినేవారికి బిందె భుజమే కనబడుతుంది. నా ఎదుట మాత్రం, తాళం వేసినంతసేపూ, ఇద్దరి పేర్లు ఉంటాయి.

ఈ కథ విన్నవారి ఇళ్ళలో నీళ్ళ బిందెలు నిండి ఉండుగాక. అడిగే నోటికి మృదుత్వమూ, ఇచ్చే చేతికి మన్ననా కలుగుగాక. ఒక తులసిదళపు బరువును ఎరిగిన రణఛోడరాయడు మీ అందరినీ చల్లగా చూచుగాక.